అత్త వీపు మీద నులక అచ్చులు

మా యారాలు నోరు విప్పిందంటే అత్వెల్లిలో సగం ఊరికి మెలకువ వచ్చేది. యారాలంటే తోడికోడలు, మా ఆయన అన్న భార్య. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆమె అరవడం మొదలుపెడితే వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఇవాళ ఈ ఇంట్లో ఎవరో ఒకరి పని అయిపోయింది అనుకునేవాళ్ళు. లోపలికొచ్చి చూస్తే ఏమీ ఉండదు. సల్లలో ఉప్పు ఎక్కువైందనో, బర్రెకు కుడితి ఆలస్యమైందనో అత్తా ఆమే కయ్యానికి దిగి ఉంటారు. మా అత్త గుప్పెడు మనిషి, గొంతులో మాత్రం కోడలికి ఏమీ తీసిపోదు.

"నీ మొగం ఎట్ల జూసి జేసుకున్నడే నా కొడుకు!" అని అత్త.

"మీ కొడుకు యాడ జూసిండు అత్తా, మీరే గద జూసి తెస్తిరి. మీ కండ్లకే పువ్వు లేసింది!" అని అక్క.

కాసేపటికి చూస్తే ఇద్దరూ ఒకే చేట ముందు కూర్చుని రాళ్ళు ఏరుతుంటారు. అత్త తమలపాకు సగం చించి, సున్నం రాసి, కోడలి నోట్లో తన చేత్తోనే పెడుతుంది. నేను నాగారంలో నోరెత్తని ఇంట్లో పుట్టిపెరిగినదాన్ని. కొత్తలో ఈ అరుపులకు భయపడి వంటింటి మూలకు పోయి నక్కేదాన్ని. తరవాత తరవాత అర్థమైంది, వాళ్ళ ముద్దూ మురిపెమూ అదేనని. మొహాన నవ్వు పూసుకుని లోపల కత్తులు నూరుకునే ఇళ్ళు నా బతుకులో చాలా చూశాను. ఆ అరుపుల ఇల్లే నాకు తీపి. ఇప్పటికీ పొద్దున్నే లేచినప్పుడు ఆ గొంతు వినపడుతుందేమోనని ఒక్క క్షణం ఆగుతాను.

అవి లడాయి రోజులు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సికింద్రాబాదు నుంచి మిలిటరీ లారీలు మేడ్చల్ మీదుగా దుమ్ము లేపుకుంటూ పోయేవి. గుడ్డ కంట్రోలు, గాసునూనె కంట్రోలు. పొద్దు గూకితే దీపం ఆర్పేసి పడుకోవడమే తప్ప, లాంతరు పట్టుకుని ఇల్లంతా తిరిగే వైభోగం ఎవరికీ లేదు. మా ఆయన రైలుపట్టాల మీద గ్యాంగుపని చేసేవాడు, ఇంట్లో కంటే లైను మీదే ఎక్కువ ఉండేవాడు. మా బావ వ్యవసాయం చూసుకునేవాడు. బంగారంలాంటి మనిషే గానీ నోట్లో నాలుక లేదు. ఆ ఇంట్లో ఆడవాళ్ళం మాట్లాడేది చాలదన్నట్టు మగవాళ్ళు మాట్లాడటం మానేశారని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. మనిషి మంచం మీద చావకూడదు. ప్రాణం పోయే గుర్తులు కనపడగానే కిందికి దించి, నేల మీద పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు పోస్తారు. మంచం మీదే పోతే ఆ జీవి నేలకు చేరదు, పైకీ పోదు, నడుమ వేలాడుతుందని నమ్మకం. మా వాడలో ఒక ముసలాయన అట్లా మంచం మీదే పోయాడు. ఇంక చూడండి, బావి దగ్గర, కల్లం దగ్గర, ఎక్కడ చూసినా అదే మాట. కన్నతండ్రిని కిందికి దించే దిక్కు లేకపోయిందని ఆ కొడుకుల్ని లోకం కాకుల్లా పొడిచింది. అది చూసిన రోజున మా అత్త మా ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుంది.

"నా చేతుల చెయ్యేసి చెప్పుండ్రి. నన్ను మంచం మీద సావనియ్యమని చెప్పుండ్రి" అంది.

నేను చెయ్యేశాను. అక్క కూడా వేసింది, వేస్తూ ఊరుకోలేదు. "మిమ్మల్ని మంచం మీదికెల్లి దించుడు ఎంతసేపు అత్తా? ఒక చేత్తోని లేపి అవతల పెడ్త" అని నవ్వింది. అత్త ఆమె వీపు మీద ఒక్కటేసి తానూ నవ్వింది.

ఆ ఎండాకాలం మా చూడిబర్రె ఈనడానికి సిద్ధంగా ఉంది. రాత్రిపూట ఈనితే దూడను ఎవరు చూసుకుంటారని అత్త తన నులక మంచం పెరట్లో బర్రెల కొట్టంలోకి వేయించుకుంది. నులక అంటే సన్నగా పేనిన తాడు. ఒక పక్క నులక తెగితే, చేదకు కట్టే లావుపాటి తాడు ముక్క తెచ్చి అక్కే ముడేసి బిగించింది. ఉక్కపోతకు తాళలేక అత్త కింద బొంత కూడా పరుచుకునేది కాదు, ఒంటి పొర చీర మాత్రం చుట్టుకుని ఉత్త తాళ్ళ మీదే పడుకునేది. మేమంతా ఇంటి ముందు వాకిట్లో పడుకునేవాళ్ళం.

ఒకనాటి సాయంత్రం ఇద్దరికీ మళ్ళీ పడింది. కారణం నాకు గుర్తు లేదు, ఉండేంత గొప్పది కూడా కాదు. "ఈ ముసల్దాని పీడ ఎప్పుడు ఇరగడైతదో!" అని అక్క అరిచిన అరుపు మాత్రం వీధి వీధంతా విన్నది. అత్త కూడా తగ్గకుండా ఏదో అని, చెంబు తీసుకుని కొట్టంలోకి పోయింది.

తెల్లవారుతుండగా అక్క ఏడుపుకి లేచాను. అక్క పసిదాన్ని చంకనేసుకుని లోపలికి పరుగెత్తితే, నడిమింట్లో నేల మీద అత్త పడుకుని ఉంది. తల అక్క ఒళ్ళో ఉంది. పక్కన నీళ్ళ చెంబు.

"కోడి కూసినప్పుడు బర్రెను జూద్దమని పోయిన చెల్లె" అని అక్క అందరికీ వినపడేట్టు చెప్పింది. "ఛాతి పట్టుకున్నట్టైతాంది అన్నది. నా భుజం వట్టుకోని లోపటికొచ్చి నేల మీద పండుకున్నది. నీళ్ళడిగింది, పోసిన. బిడ్డను ఒక్కసారి జూడాలని ఉన్నదని, బిడ్డ పేరు వెట్టి పిలిచి, నా ఒళ్ళనే పానం ఇడిసింది."

నేను కూలబడి ఏడ్చాను. నా తల్లి కంటే ఎక్కువ తిట్టి, నా తల్లి కంటే ఎక్కువ పెట్టిన మనిషి అత్త. ఇరుగుపొరుగు చేరారు. ఎదురింటి ముసలామె శవం చేతులు రొమ్ము మీదికి మడవబోయింది, అవి వంగలేదు.

"ఇప్పుడే పోయిందంటివి, చెయ్యి కట్టెలెక్కున్నదేందే?" అంది ముసలామె.

"వాతపు ఒళ్ళు గద పెద్దమ్మా" అంది అక్క. అత్తకు కీళ్ళనొప్పులున్న మాట నిజమే కాబట్టి ఎవరూ తరవాత మాట అడగలేదు. నేను నీళ్ళకోసం పెరట్లోకి పోయినప్పుడు అత్త మంచం కొట్టం వెనకాల గోడకు నిలబెట్టి, తడిసి నీళ్ళు కారుతూ కనిపించింది. చూశాను గానీ ఆ ఏడుపులో నా బుర్రకు ఏమీ తోచలేదు.

మా ఆడబిడ్డను, అంటే అత్తకు ఉన్న ఒక్కగానొక్క కూతుర్ని, శామీర్‌పేట పక్కన అలియాబాదుకు ఇచ్చారు. కబురు అందిన వెంటనే బండి కట్టించుకుని వచ్చింది. తల్లి చివరిగా తన పేరే పిలిచిందని అక్క చెప్పగానే ఆమె ఏడ్చిన ఏడుపు చూసి రాళ్ళు కూడా కరిగేవి. "నన్ను పిలిచినవా అమ్మా, నేను రాకపోతినే" అని ఆ ఒక్క మాటే పట్టుకుని తల బాదుకుంది.

తరవాత స్నానానికి శవాన్ని పెరట్లోకి తెచ్చారు. పక్కకు ఒరిగించి వీపు మీద నీళ్ళు పోయబోయిన ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. వీపంతా నేరేడుపండు రంగుకు తిరిగి ఉంది. ఆ నలుపు నడుమ తెల్లటి గీతలు, ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ. భుజం కింద ఒక చోట లావుపాటి గీత, దాని మధ్యలో ముడి అచ్చు.

"తాళ్ళు! తాళ్ళతోని కట్టేసిండ్రు మా అమ్మను!" అని ఆడబిడ్డ అరిచింది. "కట్టేసి కొట్టి సంపింది గీ రాకాసి!"

అంత నోరున్న అక్క బొమ్మలా నిలబడిపోయింది. నిన్న సాయంత్రం పీడ విరగడ కావాలన్న మాట అందరూ విన్నవాళ్ళే. ముసలామె చేతుల సంగతి పైకి తీసింది. ఎవరో పోయి పోలీసు పటేలును, అంటే ఊళ్ళో నేరాల సంగతి చూసే అధికారిని, పిలుచుకొచ్చారు. ఆయన స్నానం ఆపించి, మేడ్చల్ ఠాణాకు మనిషిని పంపాడు. అమీను సాబు ఒక జవానును వెంటబెట్టుకుని సైకిలు మీద వచ్చాడు. ఠాణా పెద్దను అప్పట్లో అమీను అనేవాళ్ళు. కాళ్ళకు మోకాళ్ళ దాకా ఖాకీ పట్టీలు చుట్టుకుని, మెలి తిప్పిన మీసాలతో ఉండేవాడు. ఆ మీసం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. శవాన్ని చూసి, ఉర్దూలో పంచనామా రాయించి, మేడ్చల్ దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు.

"దవాఖానలకు ఎందుకు?" అంది ఆడబిడ్డ.

"డాక్టరు కోసి జూస్తడు."

ఆ మాట వినేసరికి ఆమెకు దిమ్మ తిరిగింది. "కోస్తరా? మా అమ్మను కోస్తరా? నాకు కేసొద్దు ఏమొద్దు, మా అమ్మను మాకిచ్చెయ్యుండ్రి సాబ్!" అని ఆయన కాళ్ళ మీద పడింది. రాసిన తరవాత అది సర్కారు సంగతి, మీ చేతుల లేదు అన్నాడాయన. పక్కింటి సాయిబు తన బండి కట్టి, గడ్డి పరిచి, పైన తన ఇంటి దుప్పటి కప్పి, ఏమీ అడక్కుండా శవాన్ని ఎక్కించుకున్నాడు. ఆ ఇంటామె మా పిల్లలందరినీ తన ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. బండి వెనక మేము నడిచాం. దారి పొడుగూతా ఆడబిడ్డ అక్క మొహం చూడలేదు. అక్క నేల చూపులతోనే నడిచింది.

దవాఖాన డాక్టరు సాబు భారీ మనిషి, ఎప్పుడూ దవడలో పాన్ ఉండేది. మమ్మల్ని అరుగు మీద కూర్చోమని లోపలికి పోయాడు. ఆడబిడ్డ చెవులు మూసుకుని కూర్చుంది. చాలాసేపటికి ఆయన చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి, అమీనును పిలిచి, మా అందరి ముందే చెప్పాడు.

"ఈమెను ఎవ్వలు కొట్టలేదు."

ఆడబిడ్డ లేచి నిలబడింది. "గా వీపు మీద నలుపు మీకు కనవడలేదా సాబ్?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. "చూసిన బిడ్డా. కోసి గూడ చూసిన. కొట్టిన దెబ్బైతే రక్తం కండలకు ఇంకుతది, కడిగినా పోదు. ఇది తుడిస్తే పోయింది. మనిషి బతికినంతసేపు రక్తం తిరుగుతనే ఉంటది. తిరుగుడు బందైతే కిందికి దిగుతది, కుండల బురదనీళ్ళు తేరినట్టు. మీ అమ్మ ఎల్లకిల పండుకోని పోయింది, రక్తం వీపుకు దిగింది. ఎవ్వలు సచ్చినా గంతే, రేపు నేను సచ్చినా గంతే."

"మరి తాళ్ళ గీతలో?" అన్నాడు అమీను.

డాక్టరు సాబు ఆయన కాళ్ళవైపు చూశాడు. "భయ్, రాత్రి ఇంటికి వోయి గా పట్టీలు విప్పుతవు గద. కాళ్ళ మీద ఏముంటది?"

"చుట్లు చుట్లు అచ్చులుంటయి."

"ఎవలు కొట్టిండ్రు నిన్ను?"

అరుగు కింద నిలబడ్డ జవాను నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను. డాక్టరు సాబు మళ్ళీ ఆడబిడ్డకే చెప్పాడు. "రక్తం దిగేటప్పుడు ఏ జాగ ఒత్తుకోని ఉంటదో ఆ జాగకు రాదు, తెల్లగనే ఉంటది. గవే మీరు చూసిన గీతలు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని లేవబోయాను. అంతలో ఆయన అక్క వైపు తిరిగాడు.

"మరి ఆమె దేని మీద పండుకున్నది?"

"నేల మీద సాబ్" అంది అక్క.

"నేలకు తాళ్ళుంటయా?"

అక్క కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"ఇంకొకటి. కోడి కూసినప్పుడు పోయిందంటున్నవు. పానం పోంగనే ఒళ్ళు మెత్తగుంటది, బిగుసుకోవాలంటే శానాసేపు వడ్తది. మీ ఎదురింటామె చెయ్యి వంచితే వంగలేదట. నువ్వు చెప్పిన యాళ్ళకు చాలా ముందే పోయింది ఈమె. నీళ్ళడుగుడు, మాట్లాడుడు జరిగే పని కాదు. నాతోని అబద్ధం చెప్తె చెల్లుతది, శవంతోని చెల్లదు."

అమీను మీసం మీద చెయ్యేశాడు. ఇంక చెప్పేదేముంది, ఆయనకు దారి దొరికింది. కొట్టకపోతే ఏంది, విషం పెట్టుంటుంది, లేకపోతే ఇన్ని అబద్ధాలెందుకు అన్నాడు. కడుపులో భాగాలు సీసాల్లో పెట్టి పట్నం పంపి పరీక్ష చేయిస్తారనీ, జవాబు వచ్చేదాకా ఈమె ఠాణాలో ఉండాలనీ తేల్చేశాడు. ఆ జవాబు ఎప్పటికొస్తుందో ఆయనకే తెలియదు. ఆ రోజుల్లో ఒక్క రాత్రి ఠాణాలో ఉన్న ఆడది మళ్ళీ ఊళ్ళోకి ఏ మొహంతో వస్తుంది? అక్క పిల్లలు చిన్నవాళ్ళు, చిన్నది ఇంకా పాలు తాగుతోంది. మా బావ తలపట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. ఆయన్ని అప్పుడు నాలుగు దులపాలనిపించింది.

తాళ్ళు, తాళ్ళు అని డాక్టరు సాబు అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. అప్పుడు తట్టింది నాకు. గోడకు నిలబెట్టిన మంచం, దాని నుంచి కారుతున్న నీళ్ళు. మైల పడ్డ మంచాన్నే కదా పొద్దున్నే కడిగి నిలబెడతారు! అక్క పొద్దున్న కొట్టంలోకి పోయేసరికే అత్త మంచం మీద పోయి ఉంది. చేతిలో చెయ్యేసిన మాట దక్కలేదు. అందుకని ఆ గుప్పెడు మనిషిని ఒక్కతే ఎత్తుకొచ్చి నడిమింట్లో నేల మీద పడుకోబెట్టి, నోట్లో నీళ్ళు పోసి, ఒళ్ళో పోయిందని లోకానికి చెప్పింది. అత్తకు మంచి చావు ఇచ్చింది.

"అక్కా, చెప్పు" అన్నాను చెవిలో.

"ఏం జెప్పాలె?"

"మంచం సంగతి."

ఆమె నా తొడ మీద గట్టిగా గిల్లింది. "నోర్ముయ్యి. ఠాణల పెడ్తే పెట్టనీ. అత్త గట్ల పోయిందని ఊరు ఊరంత అనుకోవాల్నా? నడుమ వేలాడుతాందని ఆమె బిడ్డ జీవితమంత ఏడవాల్నా?"

జవాను అక్కను లేవమన్నాడు. లేచింది, నిజంగానే లేచి చెప్పులేసుకుంది! నాకు ఆగలేదు. అత్తకు నేనూ మాటిచ్చినదాన్నే, అయినా నోరు దాటింది.

"సాబ్, మా అత్త నులక మంచం మీద పోయింది!" అని అరిచాను.

అక్క వెనక్కి తిరిగి నా చెంప ఛెళ్ళుమనిపించింది. అంత పెద్ద దెబ్బ మా నాయిన కూడా నన్నెప్పుడూ కొట్టలేదు.

"జూసిండ్రా, గిట్లనే కొట్టింది!" అని ఆడబిడ్డ అంటూనే ఉంది, ఆ కొట్టిన చేత్తోనే అక్క నన్ను మెడ చుట్టూ వాటేసుకుని గొల్లున ఏడ్చింది. పొద్దుటి నుంచి లోపల దాచుకున్నదంతా కక్కేసింది. "పొయ్యి లేపిన, లేవలే. మీద చెయ్యేస్తే సల్లగ తాకింది. నిన్న నా నోటితోనే పీడ ఇరగడ కావాలంటి సాబ్, ఆమె ఒక్కతే గా బర్రెల నడుమ పాయె. మాటిచ్చిన, దించకపోతిని. కిందన్న ఏసి, నీళ్ళన్న పోద్దమనుకున్న."

డాక్టరు సాబు వెంటనే సాయిబు బండిని అత్వెల్లికి పంపి మంచం తెప్పించాడు. వీపు మీది గీతలు లోపలి నుంచి గీసుకొచ్చిన కాగితం ఒకటి చేతిలో పట్టుకుని, నులక అల్లికను వేలితో తడుముతూ అమీనుకు చూపించాడు. అల్లిక ఏటవాలు సరిపోయింది. అక్క చేదతాడుతో బిగించిన చోటు భుజం కింద లావు గీతకు సరిపోయింది, ముడి ముడికి సరిపోయింది. గుండెకు పోయే నరం ఒకటి మూసుకుపోయి ఉందనీ, ప్రాణం అట్లా పోయిందనీ, విషం గుర్తు తనకు ఏదీ కనపడలేదనీ చెప్పి, తన మాట రాసిచ్చాడు. అమీను కాసేపు గొణిగి, అక్కను ఇంటికి పొమ్మన్నాడు.

నేను దండం పెట్టాను. అక్క పెట్టలేదు. ఆమె ఆడబిడ్డనే చూస్తోంది. ఆడబిడ్డ మంచం పట్టె మీద చెయ్యేసి నిలబడి ఉంది. తిట్టలేదు, ఏడవలేదు.

"అయితే అమ్మ నన్ను పిలువలేదా?" అంది.

అబద్ధమాడితే చెల్లదని అక్క అంతకుముందే విన్నది. "పిలువలే" అంది చివరికి. "నేను వోయేసరికే అయిపోయింది. నువ్వు ఏడుస్తవని నేనే అన్న."

తల్లిని ఎవరో చంపారన్నప్పుడు కూడా ఆమె మొహం అట్లా కాలేదు. కూలబడి, మంచం పట్టెకు తల ఆనించుకుంది. అప్పుడు డాక్టరు సాబు పాన్ ఉమ్మేసి వచ్చి, అంత పెద్ద మనిషి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బిడ్డా, నేను లోపల చూసిందే చెప్తున్న. గుంజుకున్నట్టు లేదు, కొట్టుకున్నట్టు లేదు. నిద్రలనే పోయింది. పక్కన నువ్వున్నా నీళ్ళడిగేది కాదు, ఈమె ఉన్నా అడిగేది కాదు. ఎవ్వల్నన్న పిలిచేటంత తక్లీఫు, బాధ ఆమెకు రాలేదు."

ఇప్పుడు ఏ సంగతికైనా పరీక్షలున్నాయి, మిషన్లున్నాయి, వెంట్రుక ముక్కతో మనిషిని పట్టేస్తున్నారట. మంచిదే. నాకు మాత్రం ఆ పాన్ మరకల చొక్కా, ఆ గొంతుక్కూర్చున్న తీరే గుర్తుకొస్తాయి. కోసిన మనిషి అంత మెత్తగా మాట్లాడగలడని నాకు అంతకుముందు తెలియదు.

మర్నాడు పొద్దున అత్తను దహనం చేశారు. మంచం మీద పోయిందన్న మాట మాకంటే ముందే ఊరు చేరింది. కాష్టం దగ్గర మగవాళ్ళు, ఇంట్లో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఆడబిడ్డ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, అక్క పెట్టిన అన్నం ముట్టలేదు. మాటల్లేని ఆ ఇల్లు నాకు ఊపిరాడనివ్వలేదు.

పొద్దు వాలాక ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలి. ప్రమిదలో నూనె పోసి, వత్తి వేసి నేను వెలిగించాను గానీ, పట్టుకుని ఎటు అడుగెయ్యాలో తెలియలేదు. నడిమింట్లో పెడితే అబద్ధం. కొట్టంలో పెడితే, వాకిట్లో కూర్చున్న ఊరి ఆడవాళ్ళందరి ముందు మేమే ఒప్పుకున్నట్టు. ఒక పెద్దావిడ, నడిమింట్లోనే పెట్టండి, పోయినామె పరువన్నా దక్కుతుంది అని సలహా ఇచ్చింది. అక్క గడప పక్కన గోడకానుకుని, నిజమైనా అబద్ధమైనా ఏదీ చెప్పే అర్హత తనకు లేనట్టు తల వంచుకుని కూర్చుంది.

ఆడబిడ్డ లేచొచ్చి నా చేతిలోంచి ప్రమిద తీసుకుంది. కొంగు అడ్డం పట్టి గాలికి ఆరకుండా చూసుకుంటూ అక్క ముందుకు పోయి నిలబడింది.

"అమ్మ యాడ పోయిందో నాకు తెల్వదు వదినె" అంది. "నువ్వే సూపియ్యి."

అక్క తలెత్తి ఆమెను చూసింది. గోడ పట్టుకుని లేచి, ఆడబిడ్డ రెండో చెయ్యి అందుకుంది. వాకిట్లో వాళ్ళంతా చూస్తుండగా ఇద్దరూ కొట్టంలోకి నడిచారు.